ఆపరేషన్‌కి ముందు పేషెంట్‌ని కులం అడగమంటున్నారు, ఎలా అడగాలి?

సముద్రతీరం_సిస్టర్, ఒంగోలు

అందరికీ నమస్కారం. ఒంగోలులో ఒక చిన్న సర్జికల్ నర్సింగ్ హోమ్‌లో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) అయి మూడేళ్లు. ఒక సందేహం ఉంది, దాంతో పాటు కొంచెం కోపం కూడా ఉంది, రెండూ ఇక్కడే పెడుతున్నా.

మొన్న గురువారం పొదిలి వైపు నుంచి ఒకాయన గాల్‌బ్లాడర్ ఆపరేషన్‌కి వచ్చారు. మా దగ్గర మత్తు డాక్టర్ ఎప్పుడూ ఉండరు, మూడు నాలుగు ఆసుపత్రులు తిరుగుతుంటారు, ముందు రోజు సాయంత్రం ఫోన్ చేసి ఫైల్ చదివించుకుంటారు. చదివాను. షుగర్ లేదు, బీపీ లేదు, ఎలర్జీలు లేవు. అంతా విని 'వైశ్యులేమో కనుక్కో, స్కోలిన్ సంగతి చూసుకోవాలి' అని ఫోన్ పెట్టేశారు. స్కోలిన్ అంటే మత్తు ఇచ్చేటప్పుడు కండరాలు వదులవడానికి చేసే ఇంజక్షన్. నేను అట్నుంచి అటే వార్డులోకి వెళ్లి, నాలుగు మంచాల మధ్య నిలబడి, 'మీరేమిట్లండీ' అని అడిగేశాను.

పేషెంట్ ఏమీ అనలేదు గానీ పక్కనున్న తమ్ముడు లేచాడు. 'కడుపు కోయడానికి కులం ఎందుకమ్మా? తక్కువోళ్లయితే తక్కువ మత్తు ఇస్తారా?' అన్నాడు. పక్క మంచాల వాళ్లు కూడా అందుకున్నారు. మేనేజ్‌మెంట్ దాకా పోయింది, నేను సారీ చెప్పాల్సి వచ్చింది. తర్వాత సార్‌ని అడిగితే, కొంతమందికి రక్తంలో సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ ఉండదు, స్కోలిన్ ఇస్తే ఊపిరి రాదు, అంతే అన్నారు. ఆ టెస్టు పేరు నాకు తెలిసింది పురుగుమందు తాగిన కేసుల్లోనే. మత్తుకీ దానికీ సంబంధం ఏమిటో, కులానికి ఏమిటో ఎవరూ చెప్పలేదు.

ఇది నిజంగా ఉన్న విషయమేనా, లేక పాతకాలం డాక్టర్ల అలవాటా? నిజమైతే నలుగురిలో గొడవ కాకుండా ఎలా అడగాలి? అవునంటే నేనేం చేయాలి, ఎక్కడ రాయాలి? మా ఫైల్‌లో 'ఎలర్జీ' అని ఒక గడి ఉంది, దీనికి గడి లేదు.

పెన్నా_ఒడ్డు, నెల్లూరు

అమ్మాయ్, తప్పు నీదేం కాదు, ఫోన్‌లో ఒక ముక్క చెప్పి పెట్టేసిన పద్ధతిది. కాకపోతే అడగాల్సింది మాత్రం అడగాల్సిందే. నేను ఓటీలో (ఆపరేషన్ థియేటర్‌లో) ఇరవయ్యారేళ్లు చేసి రిటైరయ్యా. ఊరు, ఆసుపత్రి రాయను, జరిగింది చెబుతా.

చాలా కాలం కిందటి మాట. రాత్రి పది దాటాక ఒకావిడ అపెండిక్స్ నొప్పితో వచ్చింది, ముప్పై ఏళ్లుంటాయి. ఆపరేషన్ ముప్పావుగంటలో అయిపోయింది, మత్తు ఆపారు, ఊపిరి మాత్రం రాలేదు. పది నిమిషాలు చూశాం, అరగంట చూశాం. అప్పట్లో మా దగ్గర వెంటిలేటర్ ఎక్కడిది, మత్తు ఇచ్చే బాయిల్స్ మెషీన్ బ్యాగే దిక్కు. డాక్టరు గారు, నేను, ఓటీ బాయ్ వంతులేసుకుని నొక్కుతున్నాం. చేతులు తిమ్మిర్లెక్కిపోయినయ్. బయట బంధువులు తలుపు కొడుతున్నారు. ఆ టెన్షన్‌లో నేను 'ఇంక కష్టమేనేమో సార్' అని కూడా అనేశాను.

ఒంటిగంట ప్రాంతంలో అనుకుంటా, కంటికి వేసిన ప్లాస్టర్ పక్కన తడి కనిపించింది. చెమటనుకుని తుడిచా. మళ్లీ వచ్చింది. నాడి చూస్తే నూట ముప్పై. అప్పుడు వెలిగింది నాకు. మనిషికి మెలకువ ఉంది, అన్నీ వినపడుతున్నయ్, కనురెప్ప కూడా కదపలేకపోతోంది. డాక్టరు గారు వెంటనే నిద్రమందు ఇచ్చారు. అది ఎక్కేలోపు నేను చెవి దగ్గర నోరు పెట్టి, 'అమ్మా, నీకేం కాలేదు, ఒక మందు దిగడం లేటవుతోంది, ఊపిరి మేం ఇస్తున్నాం, తెల్లారేసరికి దిగిపోద్ది' అని చెప్పా. మూడున్నరకి చిటికెన వేలు కదిలింది. పొద్దున్నే ట్యూబు తీసేశారు. ఏ ఇబ్బందీ లేకుండా అయిదో రోజు ఇంటికి పోయింది.

పోయే ముందు నన్ను పిలిచి, 'ఎవరో ఇంక కష్టమేమో అన్నారు సిస్టర్, అది విన్నాక నా పిల్లలు గుర్తొచ్చారు' అంది. ఆ మాట అన్నది నేనేనని ఆమెకు చెప్పలేకపోయా.

నీ ప్రశ్నకి అసలు జవాబు ఇక్కడుంది చూడు. వాళ్లమ్మ ఆ పొద్దున వరండాలో కూర్చుని, 'మా పెద్దదానికీ కాన్పులో ఇట్టానే అయిందమ్మా, పొద్దున ఆపరేషనైతే సాయంత్రం దాకా లేవలేదు, అక్కడి వాళ్లు నీరసం అన్నారు' అంది. అంటే సంగతి ఆ ఇంట్లోనే ఉంది! ముందు రోజు మాలో ఒక్కరం అడిగి ఉంటే ఆ మందు జోలికే పోయేవాళ్లం కాదు. ఆ పెద్దమ్మాయి కాగితాల్లోనూ ఎవరూ రాయలేదంట.

కాబట్టి వార్డు మధ్యలో అడగబాకు. ఇంటి ఆడవాళ్లని పక్కకి పిలిచి, కూర్చోబెట్టి అడుగు. కాన్పులు, ఆపరేషన్లు ఎవరికి ఎప్పుడు ఎట్టా అయినయ్యో మగవాళ్లకంటే వాళ్లకే గుర్తుంటాయి. 'మీ రక్తసంబంధీకుల్లో ఎవరికైనా ఆపరేషన్ అయ్యాక ఊపిరి లేటుగా వచ్చిందా, మిషన్ మీద పెట్టారా' అని మొదలుపెట్టు. కులం మాట ఆ తర్వాత.

మత్తు_సూది, కావలి

నేను అనస్థీషియా డాక్టర్‌ని, నెల్లూరు నుంచి సింగరాయకొండ దాకా హైవే మీదే నా జీవితం, కాబట్టి ఆ ఫోన్ చేసిన డాక్టర్ అవస్థ తెలుసు. అయినా ఒక్క నిమిషం ఎక్కువ మాట్లాడి ఉండాల్సింది.

విషయం నిజం. సక్సినైల్‌కోలిన్, మనందరం స్కోలిన్ అనేది, గొంతులో ట్యూబు వేయడానికి కండరాలన్నిటినీ నిమిషం లోపు వదులు చేస్తుంది. ఎక్కించిన దాంట్లో చాలా భాగం కండరం దాకా చేరకముందే రక్తంలోనే విరిగిపోతుంది. విరగ్గొట్టేది లివర్‌లో తయారయ్యే సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైమ్. అది సరిగా ఉన్న మనిషికి అయిదు, పది నిమిషాల్లో ఊపిరి తిరిగొస్తుంది. పుట్టుకతోనే అది లేని మనిషికి ఎక్కించిన మందంతా కండరానికి చేరుతుంది, విరగ్గొట్టే దిక్కు ఉండదు, గంటలకు గంటలు అలాగే ఉండిపోతారు. మిగతా జీవితంలో ఆ మనిషికి ఏ తేడా తెలియదు. జబ్బు కాదు, నొప్పి లేదు, మందు అక్కర్లేదు. ఆ సూది పడే దాకా ఎవరికీ తెలియదు, అదే ఇందులో చిక్కు.

పురుగుమందు సంగతి అడిగారు. ఆర్గానోఫాస్ఫేట్ మందులు ఇదే ఎంజైమ్‌ని పనిచేయకుండా చేస్తాయి, అందుకే ఆ కేసుల్లో దాని లెవెల్ పంపుతాం. అంటే పుట్టుకతో లేకపోయినా, విషం వల్ల తగ్గినా రిపోర్టులో కనపడేది తక్కువ అంకెనే. మన ప్రకాశం వైపు మిర్చికీ పొగాకుకీ స్ప్రే కొట్టి వచ్చిన రైతులకి కూడా ఎంతో కొంత తగ్గి ఉండొచ్చు. లివర్ బాగా చెడినా తగ్గుతుంది, గర్భంతో ఉన్నప్పుడూ కొంత తగ్గుతుంది. రిపోర్టు చూసి పుట్టుకతో వచ్చిందే అని తేల్చే ముందు ఇవన్నీ చూస్తాం. లాభం ఏమిటంటే దీనికి వేలు పోసి డీఎన్ఏ టెస్టు చేయించాల్సిన పని లేదు, మామూలు లాబులో రక్తం ఇచ్చి లెవెల్ చూపించుకుంటే చాలావరకు తెలిసిపోతుంది.

ఇక కులం. ఎంజైమ్‌కి సంబంధించిన జీన్‌ని బీసీహెచ్ఈ అంటారు. 2006లో కోయంబత్తూరు భారతియార్ విశ్వవిద్యాలయం పరిశోధకులు వైశ్యుల్లో ఈ జీన్‌లో ఒకే రకం మార్పు ఉందని ప్రచురించారు. ప్రోటీన్ గొలుసులో 307వ చోట లూసిన్ అనే అమైనో ఆమ్లం ఉండాల్సింది పోయి ప్రోలిన్ అనేది వస్తుంది, ఎంజైమ్ నిలవదు. తర్వాత 2017లో హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన తంగరాజ్, హార్వర్డ్‌లోని డేవిడ్ రైక్ బృందాలు దక్షిణాసియాలో 260కి పైగా సమూహాల జన్యువులు చూసి నేచర్ జెనెటిక్స్‌లో రాసిన వ్యాసంలో కూడా ఇదే ఉదాహరణ ఉంది. ముప్పై లక్షలకు పైగా ఉన్న వైశ్యుల్లో ఈ లోపం మిగతా సమూహాల కంటే సుమారు 100 రెట్లు ఎక్కువని, అందుకే వైశ్యులకి స్కోలిన్ లాంటి మందులు వాడకూడదన్నది తెలిసిన సంగతేనని అందులో రాశారు. కాబట్టి మీ సార్ కొత్తగా కనిపెట్టిందేమీ కాదు.

ఎప్పుడో చాలా తరాల కింద కొద్ది కుటుంబాలతో మొదలైన సమూహం బయట పెళ్లిళ్లు లేకుండా పెరిగితే, ఆ మొదటివాళ్లలో ఒకరికి ఉన్న మార్పు తరతరాలుగా అందరిలో తిరుగుతుంది. ఇది మేనరికాల వల్లే అనుకుంటారు చాలామంది. మేనరికం కాకపోయినా, ఇటు నెల్లూరు అటు విజయనగరం సంబంధమైనా, ఇద్దరి దగ్గరా ఒక్కో కాపీ ఉండొచ్చు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ చెడ్డవే వస్తేనే సమస్య. అందుకే ఒకరికి బయటపడితే తోబుట్టువుల్లో ఒక్కొక్కరికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. పైన పెద్దక్క చెప్పిన ఇంట్లో ఇద్దరు అక్కచెల్లెళ్లకీ ఉండటం అందుకే.

అవునని తెలిస్తే కంగారు పడాల్సింది లేదు. స్కోలిన్ మానేసి రోక్యురోనియమ్ లాంటిది వాడతాం, అట్రాక్యురియమ్ అయితే ఈ ఎంజైమ్‌తో పనే లేదు. మివాక్యురియమ్, స్పైనల్‌కి (నడుములో ఇచ్చే మత్తుకి) వాడే క్లోరోప్రొకైన్ కూడా ఇదే ఎంజైమ్ మీద ఆధారపడేవి, అవీ పక్కన పెడతాం. స్పైనల్ ఇస్తున్నారు కదా అని నర్సులు ఈ ప్రశ్న వదిలేయకూడదు. సిజేరియన్ మధ్యలో స్పైనల్ చాలక అప్పటికప్పుడు ట్యూబు వేయాల్సి వస్తే చెయ్యి మొదట పోయేది స్కోలిన్ ఆంప్యూల్ మీదకే. మానసిక చికిత్సలో కరెంటు పెట్టేటప్పుడు కూడా ఇదే వాడతారు.

ఒకవేళ తెలియక ఇచ్చేశాం, ఊపిరి రాలేదు అనుకోండి. వెంటిలేషన్ ఆపకుండా నిద్రలో ఉంచి వెయిట్ చేయడమే వైద్యం. 'రివర్సల్ ఇంకో డోసు ఇద్దాం సార్' అని తొందర పెట్టొద్దు, రివర్సల్‌కి, అంటే కండరాల మందు దిగడానికి, ఇచ్చే నియోస్టిగ్మైన్ ఈ ఎంజైమ్‌ని ఇంకా అణిచేస్తుంది, మందు ప్రభావం ఇంకా సాగొచ్చు. కళ్లు మూసి ఉంచండి, ఒళ్లు వెచ్చగా ఉంచండి, మంచం దగ్గర మాట అదుపులో పెట్టుకోండి.

ఒంగోలు_గిత్త

అన్నీ బానే చెప్పారు గానీ డాక్టర్ గారూ, రేపు ఇంకో ఇంజక్షన్‌కి గోత్రం కూడా అడుగుతారా? సైన్స్ పేరు పెట్టి కులం అడగడం మొదలైతే ఎక్కడ ఆగుతుందో చెప్పండి. ఆ తమ్ముడికి కోపం రావడంలో తప్పేముంది, జీవితమంతా ఆ ప్రశ్న ఎందుకు అడుగుతారో వాడికి తెలుసు. పైగా వైశ్యుడు కాదు అనగానే 'హమ్మయ్య' అని స్కోలిన్ ఎక్కిస్తారు, వాడికి ఉండకూడదని రూలుందా?

మత్తు_సూది, కావలి

గోత్రం అక్కర్లేదు లెండి. ఆర్యవైశ్యుల్లో 102 గోత్రాలంటారు, గోత్రం వేరైతే ఈ జీన్ వేరవదు.

మీ రెండో ప్రశ్న మాత్రం సరైనదే, దానికి నా దగ్గర అడ్డం మాట లేదు. ఈ లోపం ఏ కులంలోనైనా, ఏ దేశంలోనైనా ఉంటుంది, అరుదుగా. 1950ల్లో వెర్నర్ కాలో దీన్ని పట్టుకున్నది కెనడాలో. కులం ఒక ఆచూకీ, అంతే, టెస్టు రిపోర్టు కాదు. కులాంతర వివాహాల పిల్లలు ఉన్నారు, చెప్పడం ఇష్టం లేనివాళ్లు ఉన్నారు. అందుకే కుటుంబం ప్రశ్న అందరినీ అడగాలి, కులం ప్రశ్న ఎందుకో చెప్పి విడిగా అడగాలి. ఎందుకో చెప్పకుండా అడిగితే ఆ తమ్ముడి స్థానంలో నేనున్నా లేచేవాణ్ణే.

కందుకూరు_కిరాణా

నేను వైశ్యుణ్ణే, కందుకూరులో షాపు. ఈ చర్చ ఎవరో ఫార్వర్డ్ చేస్తే చదివాను. మా వైపు నుంచి చెప్పాల్సింది ఒకటుంది.

మా చెల్లెలికి డిగ్రీ అయిన ఏడాది ఆపరేషన్‌లో ఇలాగే అయింది, దాదాపు అయిదు గంటలు మిషన్ మీద ఉంది. బయటికొచ్చాక డాక్టర్ మంచివాడు, కూర్చోబెట్టి విడమరిచి చెప్పారు, మా ఇంట్లో అందరినీ రక్తం ఇచ్చి లెవెల్ చూపించుకోమన్నారు. మా అమ్మ ఒకటే మాట, 'ఫైల్‌లో రాయబాకండి సార్, పిల్లకి సంబంధాలు చూస్తున్నాం.' జన్యులోపం అని కాగితం మీద కనపడితే అవతలోళ్లు ఏమనుకుంటారోనని ఆమె భయం. డిశ్చార్జి కాగితంలో నిజంగానే ఏమీ రాయించుకోకుండా వచ్చేశాం. మేం చేసిన తప్పు అది, ఒప్పుకుంటున్నా.

రెండేళ్ల తర్వాత పెళ్లయి వేరే ఊరు పోయింది. మొదటి కాన్పుకి సిజేరియన్ అన్నారు, నొప్పుల్లో ఉన్న పిల్ల ఏం చెబుతుంది, అల్లుడికి ఏమీ తెలియదు. నేను ఇక్కణ్ణుంచి బస్సెక్కి, ఒక చేత్తో టికెట్ ఇంకో చేత్తో ఫోన్, ఆ ఆసుపత్రి రిసెప్షన్‌కి ఫోన్ చేసి 'సక్సినైల్‌కోలిన్ ఇవ్వొద్దని చెప్పండమ్మా' అని అరుస్తున్నా. నా నోటి నుంచి ఆ పేరు సరిగా రావడం లేదు, ఆ అమ్మాయి 'సైక్లింగా అన్నా?' అంటోంది. చివరికి అక్కడి సిస్టర్ ఒకామె ఫోన్ తీసుకుని, 'మీరు వైశ్యులా అన్నా? స్కోలినేగా? అర్థమైంది, రాసేశా, నిదానంగా రండి' అంది. ఆ 'మీరు వైశ్యులా' అన్న మాట విన్నప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది, కోపం రాలేదు.

ఇప్పుడు ఇంట్లో అందరం టెస్టు చేయించుకున్నాం. మా తమ్ముడికీ ఉంది, నాకు లేదు. మందు పేరు, 'ఇవ్వకూడదు' అన్న మాట పెద్ద అక్షరాలతో చీటీ మీద రాయించి, జెరాక్స్ షాపులో లామినేషన్ చేయించి, ఆధార్ కార్డు వెనక పెట్టుకున్నారు. ఫోన్ కవర్‌లో ఇంకోటి. హైవే పక్క ఊళ్ల వాళ్లం, స్పృహలో లేకుండా ఆసుపత్రికి చేరే రోజు వస్తే ఎవర్ని అడుగుతారు?

సంబంధాల సంగతి కూడా చెప్పేస్తా. పెళ్లికి ముందు అల్లుడి వాళ్లకి చెప్పలేదు, కాన్పు తర్వాత చెప్పాం. వాళ్ల నాన్న నవ్వి, 'మా తమ్ముడికి కూడా హెర్నియా అప్పుడు ఇదే గొడవ' అన్నాడు.

పాఠం_చెప్పే_టీచర్, నెల్లూరు

నర్సింగ్ కాలేజీలో చెబుతాను. మా పిల్లలకి ఫార్మకాలజీలో జన్యువులు అనగానే అమెరికాలో చేసేదేదో అన్నట్టు ముఖం పెడతారు, వాళ్ల తప్పు లేదు, పుస్తకంలో అలాగే ఉంటుంది. వార్డులో మాత్రం రోజూ చేతిలోకి వచ్చే మందుల్లోనే ఇది ఉంది.

కార్బమజెపైన్ తీసుకోండి, ఫిట్స్‌కి, ముఖం నరం నొప్పికి ఇచ్చే బిళ్ల. హెచ్ఎల్ఏ-బి 15:02 అనే జన్యు రకం ఉన్నవాళ్లకి అది వేస్తే చర్మం కాలినట్టు ఊడిపోయే స్టీవెన్స్ జాన్సన్ వచ్చే ప్రమాదం ఎక్కువ. 2004లో తైవాన్‌లో కనుక్కున్నారు, 2007లో అమెరికా ఎఫ్‌డీఏ ఆసియా మూలాలున్న వాళ్లకి ముందే ఈ పరీక్ష చేయమంది. మన దేశంలో 2009లో వచ్చిన ఒక చిన్న పరిశోధనలో ఈ బిళ్ల వల్ల జబ్బుపడిన ఎనిమిది మందిలో ఆరుగురికి ఈ రకం ఉంది. మన దగ్గర అందరికీ ఆ టెస్టు చేయడం లేదు, కాబట్టి బిళ్ల మొదలుపెట్టిన మొదటి రెండు నెలలు నర్సు కన్నే టెస్టు. జ్వరం, కళ్లు ఎర్రబడటం, పెదవుల మీద పుండ్లు, మింగితే గొంతు మంట. ఇవి చెబితే 'వేడి చేసింది, మజ్జిగ తాగు' అని పంపొద్దు. ఆ రోజే బిళ్ల ఆపి డాక్టర్‌కి చూపించాలి. ఇంట్లో ఇంకెవరికైనా ఇదే బిళ్లతో ఒళ్లు ఊడిందా అని కూడా అడగాలి.

ఎర్ర కణాల్ని కాపాడే జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఇంకోటి. వైవాక్స్ మలేరియాకి రెండు వారాలు ఇచ్చే ప్రైమాక్విన్, కుష్టుకి ఇచ్చే డాప్సోన్, ఈ లోపం ఉన్నవాళ్లకి వీటితో ఎర్ర కణాలు పగిలిపోతాయి. బీరువాలో వేసే కలరా ఉండలు పిల్లలు నోట్లో పెట్టుకున్నా అంతే. మూత్రం టీ డికాషన్ రంగులో వస్తుంది, కళ్లు పచ్చబడతాయి. ఇది తల్లి వైపు నుంచి మగపిల్లలకి వచ్చేది, అందుకని తండ్రి వైపు చరిత్ర ఎంత అడిగినా లాభం తక్కువ, మేనమామల గురించి అడగాలి. పుట్టగానే కామెర్లతో లైటు కింద పెట్టిన బిడ్డల విషయం కూడా. ఒక మెలిక ఉంది, కణాలు పగులుతున్న రోజుల్లో టెస్టు చేస్తే తప్పుగా నార్మల్ రావచ్చు, ఎందుకంటే పాత కణాలు పోయి ఎంజైమ్ ఎక్కువుండే కొత్త కణాలే మిగులుతాయి. అందుకే తర్వాత మళ్లీ చేయిస్తారు. 'అప్పుడు నార్మల్ వచ్చిందండీ' అని ఇంటివాళ్లు చెబితే ఎప్పుడు చేశారో అడగండి.

స్టెంట్ వేసినవాళ్లకి ఇచ్చే క్లోపిడోగ్రెల్ లివర్‌లో మారితేనే పనిచేస్తుంది, కొందరికి ఆ మార్పు సరిగా జరగదు, కానీ అది కార్డియాలజిస్టు తేల్చే సంగతి. మనం చేయగలిగింది, రోజూ బిళ్ల వేసుకుంటున్నా స్టెంట్ మళ్లీ మూసుకుపోయిందంటే 'సరిగా వేసుకోలేదులే' అని తీర్పు చెప్పకుండా ఉండటం.

ఇంకొకటి, ఇలాంటిది జరిగితే మందుల చెడు ప్రభావాలు తెలియజేసే ఫార్మకోవిజిలెన్స్ ఫారం నర్సులు కూడా నింపొచ్చు. 2010 నుంచి నడుస్తున్న జాతీయ కార్యక్రమం అది, డాక్టర్లే పంపాలని లేదు, మందే కారణమని తేలనక్కర్లేదు, అనుమానం చాలు. ఫారంలో పేషెంట్ పూర్తి పేరు కూడా ఉండదు, పొడి అక్షరాలే, కాబట్టి కందుకూరు తమ్ముడి వాళ్ల అమ్మగారి భయం ఇక్కడ వర్తించదు.

సముద్రతీరం_సిస్టర్, ఒంగోలు

అందరికీ చాలా థాంక్స్. పెన్నా ఒడ్డు అక్క రాసింది నైట్ డ్యూటీలో చదివాను, తర్వాత చాలాసేపు ఇంకేం చదవలేకపోయా.

రెండు పనులు చేశాను. ఆ పొదిలి ఆయనకి ఆపరేషన్ బాగానే అయింది, స్కోలిన్ వాడలేదు. డిశ్చార్జి రోజున తమ్ముణ్ణి పక్కకి పిలిచి కూర్చోబెట్టి, ఎందుకు అడిగానో అంతా చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత 'మాకు కాదుగానీ మా షావుకారుకి చెప్పాలి ఇది, ఆయన కూతురికి వచ్చే నెల ఆపరేషన్' అని ఆ మందు పేరు నా చేత తెలుగులో కాగితం మీద రాయించుకుని జేబులో పెట్టుకున్నాడు.

రెండోది, మా మేడమ్‌ని ఒప్పించి ఫైల్ మొదటి పేజీలో ఎలర్జీ గడి కింద ఇంకో గడి పెట్టించాను. డబ్ల్యూహెచ్ఓ సర్జరీ చెక్‌లిస్టులో కూడా ఎలర్జీ, ఎయిర్‌వే (ఊపిరి దారి) ప్రశ్నలు ఉన్నాయి గానీ కుటుంబంలో మత్తు సమస్య అనే ప్రశ్న లేదు, అది చూపించాక ఒప్పుకున్నారు. గడిలో ఇలా రాశాం, ఏమైనా మార్చాలంటే చెప్పండి:

'మీకు గానీ, తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు, మేనమామలు వీళ్లలో ఎవరికైనా గానీ ఆపరేషన్ తర్వాత మెలకువ ఆలస్యంగా వచ్చిందా? ఏదైనా మందు పడక ఒళ్లు ఊడటం, మూత్రం నల్లగా రావడం జరిగిందా? కొన్ని కుటుంబాల్లో, కొన్ని సామాజిక వర్గాల్లో ఒక మత్తుమందు ఆలస్యంగా దిగుతుంది, వైశ్యుల్లో ఇది ఎక్కువ. మీ కుటుంబానికి వర్తిస్తుందనుకుంటే చెప్పండి, చెప్పకపోయినా వైద్యం ఆగదు.'

కులం గడి పెట్టలేదు. చదివి వినిపించి వాళ్లనే చెప్పనిస్తున్నాం. అవును అంటే ఫైల్ అట్ట మీద ఎర్ర ఇంకుతో 'స్కోలిన్ వద్దు' అని, చేతికి కట్టే బ్యాండ్ మీద కూడా. డిశ్చార్జి కాగితంలో 'జన్యులోపం' అని రాయకుండా 'సక్సినైల్‌కోలిన్ ఇవ్వకూడదు, ఇస్తే ఊపిరి గంటల తరబడి ఆలస్యమవుతుంది, తోబుట్టువులు రక్తపరీక్ష చేయించుకోవాలి' అని రాయమని సార్‌ని అడిగాను, సరే అన్నారు.

మత్తు_సూది, కావలి

బాగుంది. ఒక్కటి మార్చండి, 'మెలకువ ఆలస్యంగా వచ్చిందా' అన్న చోట. మెలకువ లేటవడానికి సవాలక్ష కారణాలు, సగం మంది అవుననే అంటారు. మనకి కావాల్సింది 'ఊపిరి ఆలస్యంగా వచ్చి మిషన్ మీద ఉంచారా, మెలకువ ఉన్నా కదల్లేకపోయారా' అన్నది.

సముద్రతీరం_సిస్టర్, ఒంగోలు

నిజమే డాక్టర్ గారూ, అక్క చెప్పిన కథంతా అదేగా, అయినా నాకు తట్టలేదు. మార్చేశాను. రెండొందల కాపీలు నిన్ననే తీయించాం, వాటన్నిటి మీదా పెన్నుతో దిద్దుతున్నా ఇప్పుడు.